జిమ్‌లో చేరిన పది రోజులకే 2.3 కిలోలు పెరిగాను, చేతులూ కాళ్లూ ఉబ్బాయి: మానేయాలా?

వేళచ్చేరి_వసంత
నా వయసు 38. ఏడాది పాటు రోజూ 40 నిమిషాలు మా వీధిలోనే నడిచి 71 కిలోల నుంచి 66 కిలోలకు వచ్చాను. తూకం అక్కడే ఆగిపోవడంతో పది రోజుల కిందట ఇంటి దగ్గరి జిమ్‌లో చేరాను. అక్కడి మాస్టర్ మొదటి రోజు నుంచే భుజాల మీద బరువు పెట్టించి బస్కీలు తీయించారు, రెండు చేతుల్లో డంబెల్స్ పట్టించి చెక్కపెట్టె ఎక్కి దిగమన్నారు. వారానికి ఆరు రోజులు, రోజుకు గంటకు పైగా ఇదే పని. నిన్న ఉదయం తూచుకుంటే 68.3 చూపించింది. మిషన్ పాడైందేమోనని విప్పని 25 కిలోల బియ్యం బస్తా పెట్టి చూశాను, మిషన్‌లో ఏ లోపమూ లేదు. పెళ్లి ఉంగరం సబ్బు నురుగు రాస్తే తప్ప ఊడి రాలేదు, మెట్టెలు వేళ్లలో దిగబడి గాట్లు పడ్డాయి, చుడీదార్ తొడల దగ్గర పట్టేస్తోంది. తిండి పెంచలేదు సరికదా, అన్నం సగానికి తగ్గించాను. మాస్టర్‌ను అడిగితే "అదంతా కండ, అక్కా" అన్నారు. మా వారేమో డబ్బు కట్టి మరీ రెండు కిలోలు కొనుక్కున్నావని నవ్వుతున్నారు. నడకతో తగ్గిన బరువు కూడా ఈ జిమ్ పుణ్యమా అని తిరిగి వచ్చేస్తుందేమోనని భయంగా ఉంది. మానేయాలా, కొనసాగించాలా?

ఉప్పుకారం
నిష్ఠూరంగా అనిపిస్తే ఏమీ అనుకోకండి, తిండి పెంచలేదని అనుకునేవాళ్లలో చాలామంది పెంచే ఉంటారు. నేనూ అలాగే వాదించాను. తరువాత ఒక చిన్న పుస్తకంలో నోట్లో వేసుకున్న ప్రతిదీ రాసుకుంటే సంగతి బయటపడింది. జిమ్ నుంచి వచ్చాక పాలు, అరటిపండు, వేరుశనగ వెన్న కలిపి ఒక పెద్ద గ్లాసుడు తాగేవాడిని, సాయంత్రం బీచ్‌కు వెళ్తే శనగల సుండల్‌తో పాటు మిరపకాయ బజ్జీలు తినేవాడిని, అవేవీ నా లెక్కలో తిండి కిందకు వచ్చేవి కావు. ముందు వారం రోజులు రాసి చూడండి.

లెక్కల_మాస్టారు_పెరంబూరు
ఉప్పుకారం గారి అనుభవం నిజమే కావచ్చు గాని వసంత గారి విషయంలో ఆ లెక్క కుదరదు. ఒక కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలని అందరూ ఒప్పుకునే అంచనా. 2.3 కిలోల కొవ్వు చేరాలంటే 17,710 కేలరీలు, అంటే ఒంటికి ఖర్చయ్యేది పోగా పది రోజుల పాటు రోజుకు 1,771 కేలరీలు అదనంగా తినాలి. ఒక్కో మినప వడకు పైపైన వంద కేలరీలు వేసుకున్నా రోజుకు పదిహేడు వడలు దాటాలి. అన్నం సగానికి తగ్గించి, గంట సేపు బస్కీలు తీసిన మనిషి, తనకు తెలియకుండా పదిహేడు వడలు తినడం సాధ్యమని నేను అనుకోను.

దోసెల_దొర
మాస్టారూ, పదిహేడు వడలు తెలిసి తినడం సాధ్యమేనని మనవి. మా బావమరిది పెళ్లిలో సాక్షులున్నారు.

ఫిజియో_తిరువాన్మియూరు
ఇరవై ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఈ ఫిర్యాదు ప్రతి జనవరిలోనూ, ప్రతి జూన్‌లోనూ వింటూనే ఉంటాను. వసంత గారూ, పది రోజుల్లో వచ్చింది కొవ్వు కాదు, కండ కూడా కాదు. అందులో చాలా భాగం నీరు. ఆ నీరు రావడానికి ఒకటి కాదు, ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, కండరం లోపలి వాపు. అలవాటు లేని బరువు మోసినప్పుడు, ముఖ్యంగా కండరం సాగుతూ బరువును ఆపవలసి వచ్చినప్పుడు, కండరపు పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చిరుగులు పడతాయి. బస్కీలో పైకి లేచేటప్పటి కంటే కిందకు దిగేటప్పుడు, పెట్టె ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఇది ఎక్కువ. మరునాటి నొప్పికి కారణం కండరం లోపలి చిరుగులేనని థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లోనే రాశారు. ఆ చిరుగులను బాగుచేయడానికి శరీరం అక్కడికి రక్తకణాలను, వాటితో పాటు ద్రవాన్ని పంపుతుంది. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. నొప్పి రెండో రోజో మూడో రోజో పతాక స్థాయికి చేరి తగ్గిపోతుంది గాని, వాపు నాలుగైదు రోజులకు గాని పూర్తిగా కనిపించదు. అందుకే నొప్పి పోయాక ఇదేం వాపు అని జనం కంగారు పడతారు. మీరేమో వారానికి ఆరు రోజులు చేస్తున్నారు, అంటే సోమవారం వాపు తీయకముందే గురువారం వాపు వచ్చి దాని మీద కూర్చుంటోంది.

రెండోది, కండరంలో దాచుకునే పిండి పదార్థం, గ్లైకోజన్. వ్యాయామం పెరిగితే కండరం దీన్ని మునుపటి కంటే ఎక్కువగా నిల్వ చేసుకుంటుంది, ఒక గ్రాము గ్లైకోజన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. మూడోది, రక్తంలోని ద్రవం. గట్టిగా వ్యాయామం చేయడం మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే శరీరం రక్తద్రవాన్ని పెంచుకుంటుంది, మన చెన్నై ఉక్కలో అయితే మరీనూ. అందుకోసం మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి వదలకుండా ఆపుకుంటాయి. ఇవన్నీ కలిస్తే రెండు కిలోలు ఏమంత వింత కాదు.

లెక్కల_మాస్టారు_పెరంబూరు
ఫిజియో గారి వివరణలో ఒక్క చోట నాకు సందేహం. ఆవిడ అన్నం సగానికి తగ్గించారు కదా, అలాంటప్పుడు గ్లైకోజన్ పెరగడానికి పిండి పదార్థం ఎక్కడి నుంచి వస్తుంది?

ఫిజియో_తిరువాన్మియూరు
మంచి పట్టు పట్టారు. ఆవిడ విషయంలో ఆ వాటా తక్కువే అయి ఉండాలి, నేను అందరికీ చెప్పే మాట అలవాటుగా రాసేశాను. అలాగైతే మిగతా దారుల్లో ఏదో ఒకటి మామూలు కంటే పెద్దదై ఉండాలి. వసంత గారూ, జిమ్‌లో ఏమేమి తాగుతున్నారు?

నెల్లూరు_నుంచి_నుంగంబాక్కం
దిగేటప్పుడే అసలు దెబ్బ అన్న మాట నాకు తిరుమల కొండ నేర్పింది. రెండేళ్ల కిందట అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కాను, మోకాళ్ల పర్వతం దగ్గర కాస్త ఆయాసపడ్డాను తప్ప ఏమీ కాలేదు. ఆ ధీమాతో బస్సు వద్దని మెట్ల మీదుగానే దిగి వచ్చాను. మూడో రోజున చెన్నైలో మంచం దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది, పిక్కలు అరటి బోదెల్లా అయ్యాయి, తూకం కిలోన్నర పెరిగింది. ఆ పాపమంతా లడ్డూల మీద వేసి, మిగిలిన ప్రసాదం పక్కింటివాళ్లకు పంచిపెట్టాను. ఇప్పుడు ఇది చదువుతుంటే ఆ లడ్డూలకు అన్యాయం చేశాననిపిస్తోంది.

దోసెల_దొర
ఆ పక్కింటివాళ్లు ఏ వీధిలో ఉంటారో చెప్పగలరా?

వేళచ్చేరి_వసంత
ఫిజియో గారూ, నీళ్లు మూడు లీటర్ల వరకు తాగుతున్నాను. చెమటతో ఉప్పు పోతుందని, నీరసం రాకుండా రోజుకు రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కలుపుకుని తాగమని మాస్టర్ చెప్పారు, లీటరు నీళ్లలో కలిపే పెద్ద ప్యాకెట్లు. మొదటి రోజు నుంచీ తాగుతున్నాను. నారింజ రుచిలో బాగానే ఉంది. అది మందుల దుకాణంలో దొరికేదే కదా, అందులో తప్పేమీ లేదనుకున్నాను.

లెక్కల_మాస్టారు_పెరంబూరు
పలక బలపం బయటికి తీస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ 20.5 గ్రాములు. అందులో 13.5 గ్రాములు గ్లూకోజ్, 2.6 గ్రాములు మామూలు ఉప్పు, 2.9 గ్రాములు సోడియం సిట్రేట్, 1.5 గ్రాములు పొటాషియం క్లోరైడ్. ఉప్పులోదీ సిట్రేట్‌లోదీ కలిపితే లీటరుకు 1.7 గ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రెండు ప్యాకెట్లకు దాదాపు 3.4 గ్రాములు. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 2 గ్రాముల లోపు సోడియం, అంటే 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని చెప్పేది కూడా ఆ సంస్థే. ఆవిడ సాంబారు, పచ్చడి, మజ్జిగలో వేసుకునే ఉప్పు ఇంకా లెక్కలోకి రానే లేదు.

ఉప్పుకారం
ఉప్పుకారమని పేరు పెట్టుకున్నందుకైనా ఈ ఉప్పు సంగతి ముందు నేనే అడగవలసింది. వడల మీద అనుమానపడి తప్పుదారి పట్టాను, వసంత గారు మన్నించాలి.

పెరంబూరు_నర్సు
ఓఆర్‌ఎస్ విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లలకూ పెద్దలకూ ప్రాణం పోసే మందు, దాని మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. అయితే ఏసీ గదిలో గంట సేపు వ్యాయామం చేసి, ఇంటికి వెళ్లి భోజనం చేసే మనిషికి దాని అవసరం లేదు. మామూలు నీళ్లు, మీరు రోజూ తినే భోజనం చాలు. రెండు ప్యాకెట్లూ ఈ రోజే ఆపండి. రక్తపోటు ఉన్నవాళ్లయితే ఇలా తాగడం నిజంగానే ప్రమాదం. అంతకంటే ముందు నాకు ఒకటి చెప్పండి. ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి వదిలితే గుంత నిలుస్తోందా? రెండు కాళ్లూ సమానంగా ఉన్నాయా? ఉదయం లేవగానే కళ్ల కింద ఉబ్బు కనిపిస్తోందా?

వేళచ్చేరి_వసంత
ఇప్పుడే నొక్కి చూశాను. కొద్దిగా గుంత పడి, మూడు నాలుగు సెకన్లలో పూడిపోయింది. రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయి, ముఖం మామూలుగానే ఉంది, ఆయాసం లేదు. తొడలు మాత్రం పట్టుకుంటే రాయిలా ఉన్నాయి.

లజ్_మూల_తాతయ్య
ఆ గుంత పరీక్ష విలువ నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. నాకు 67 ఏళ్లు, మైలాపూర్‌లో నాగేశ్వరరావు పార్కులో రోజూ నడుస్తాను. కాశీనాథుని వారి పేరున్న పార్కులో నడిచి, వారు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనమే మోకాళ్లకు రాసుకుంటాను, ఆ విధంగా రెండు చేతులా వారి రుణం తీర్చుకుంటున్నాను. పోయినేడాది నడక వేగం పెంచిన కొత్తలోనే చీలమండలు ఉబ్బడం మొదలైంది, చెప్పుల పట్టీ అచ్చు సాయంత్రానికి కాలి మీద అలాగే దిగిపోయేది. నడక వల్లనే అనుకుని నెల రోజులు నడక మానేశాను. వాపు తగ్గలేదు, నొక్కితే పడిన గుంత నిమిషం గడిచినా పోయేది కాదు. చివరికి మా డాక్టరు నా మందుల చీటీ చూసి, అంతకు ఆరు వారాల ముందు బీపీకి కొత్తగా మొదలుపెట్టిన ఆమ్లోడిపిన్ మాత్రే కారణమని తేల్చి, వేరే మందుకు మార్చారు. చీలమండలు మళ్లీ నావయ్యాయి. నడక మీద మోపిన నింద ఉత్తదే. మాత్రను నా అంతట నేను ఆపలేదని కూడా చెప్పాలి, ఎవరూ అలా ఆపకండి.

కోడంబాక్కం_కోమలి
ఇంతమంది ఇన్ని లెక్కలు వేశారు గాని, ముందు అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదు. వసంత గారూ, మీకు నెలసరి ఎప్పుడు? నాకు ప్రతి నెలా వారం ముందు నుంచే ఒక కిలో, ఒక్కోసారి కిలోన్నర పెరుగుతుంది, వచ్చిన మూడు రోజులకు దానంతట అదే పోతుంది. ఏ జిమ్‌లోనూ మాస్టర్లు ఈ సంగతి ఎత్తరు, తూకం కాగితం మాత్రం నెలాఖరున చేతిలో పెడతారు.

వేళచ్చేరి_వసంత
ఇంకా నాలుగు రోజులుంది. ఈ కోణం నాకు తట్టనే లేదు. కాగితం అంటే గుర్తొచ్చింది, మా జిమ్‌లో చెప్పులు విప్పి నిలబడే ఒక మిషన్ ఉంది. చేతులతో పిడులు పట్టుకోమంటుంది. నిన్న అది "కండరం 1.9 కిలోలు పెరిగింది" అని అచ్చు వేసి ఇచ్చింది. మాస్టర్ దాన్ని గోడకు అంటించారు కూడా.

అంబత్తూరు_తాలింఖానా
నేనూ మాస్టర్‌నే, కాబట్టి ఈ వృత్తి తరఫున కొంత సంజాయిషీ, కొంత ఒప్పుకోలు. ఆ మిషన్ ఒంట్లోకి సన్నని విద్యుత్తు పంపి, అది ఎంత తేలికగా ప్రవహించిందో చూసి లెక్క కడుతుంది. నీరున్న చోట విద్యుత్తు తేలికగా పోతుంది, అందువల్ల ఒంట్లో చేరిన నీటిని అది కొవ్వు కాని బరువు కింద జమ వేస్తుంది. పది రోజుల్లో 1.9 కిలోల కండ పెంచగల గురువు భూమి మీద లేడు. తొలి వారాల్లో బలం పెరగడం కూడా చాలావరకు నరాలు కండరాలను బాగా వాడుకోవడం నేర్చినందువల్లనే. కండ కంటికి కనబడాలంటే నెలలు పడుతుంది. మరి "అదంతా కండ" అని మావాళ్లు ఎందుకంటారంటే, నిజం చెబితే చేరినవాళ్లు రెండో వారంలో వెళ్లిపోతారని భయం. నేనూ ఒకప్పుడు అనేవాడిని.

మీకు ఇచ్చిన పని మాత్రం తప్పు. కొత్తవాళ్లకు వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడుపు, మొదటి రెండు వారాలు ఒంటి బరువుతోనే బస్కీలు. ఒకే వ్యాయామం రెండోసారి చేసేటప్పటికి కండరం దానికి తట్టుకోవడం నేర్చుకుంటుంది, వాపూ నొప్పీ బాగా తగ్గుతాయి. ఆ నేర్చుకునే వ్యవధి ఇవ్వకుండా తొక్కితే ఇలాగే అవుతుంది. ఇంకో మాట, ఎవరైనా క్రియాటిన్ పొడి ఇచ్చారా? అది తొలి వారంలోనే కండరంలోకి నీటిని లాగి కిలో నుంచి రెండు కిలోలు పెంచుతుంది.

వేళచ్చేరి_వసంత
పొడులేవీ లేవు, ఆ నారింజ నీళ్లే.

ఓఎంఆర్_రాత్రిపాళీ
తొడలు రాయిలా ఉన్నాయన్న మాట చదివి ఆగలేకపోయాను. రెండేళ్లు కుర్చీకి అంటుకుని పనిచేశాక మా ఆఫీసులో ఎవరో పందెం పెట్టారు, ఒక్కరోజులో 300 బస్కీలు. గెలిచాను. రెండో రోజు ఒళ్లు నొప్పులని నవ్వుకున్నాను. మూడో రోజు తొడలు ప్యాంటు ఎక్కనంత ఉబ్బాయి, మోకాలు వంచలేకపోయాను, ఉదయం మూత్రం ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. నీళ్లు తక్కువ తాగానేమోనని అప్పటికీ ఇంట్లోనే కూర్చున్నాను. మా అమ్మ చూసి బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లింది. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే అనే ఎంజైము మామూలుగా 200 లోపు ఉండాలి, నాకు 40,000 దాటింది. కండరం పగిలి అందులోని పదార్థం రక్తంలోకి వచ్చేసిందని, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుందని చెప్పి నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. మొదట చూసిన డ్యూటీ డాక్టరు, కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ అనే ఎంజైము పెరిగిందని చూసి నేను తాగుబోతునేమోనని మా అమ్మ ముందే అడగడం ఆ వారంలో అన్నింటికంటే పెద్ద బాధ. ఆ ఎంజైము కాలేయంలోనే కాక కండరంలో కూడా ఉంటుందని తరువాత తెలిసింది.

పెరంబూరు_నర్సు
ఓఎంఆర్ గారు రాసింది అందరూ రెండుసార్లు చదవాలి. డికాషన్ రంగు మూత్రం, భరించలేని నొప్పి, కండరం బిగుసుకుని పని చేయకపోవడం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్క కాలి పిక్క మాత్రమే ఉబ్బి, వేడిగా, నొప్పిగా ఉంటే అది వ్యాయామం వాపు కాకపోవచ్చు, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఉదయాన్నే ముఖం ఉబ్బుతుంటే, మూత్రంలో నురుగు పోకుండా ఉంటే మూత్రపిండాలను చూపించుకోవాలి.

ఈ నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్రలు వేసుకునే అలవాటు ఎక్కువగా చూస్తున్నాను. అవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి వాపును ఇంకా పెంచగలవు. చెమట పట్టి నీరు తగ్గిన ఒంటికి, మూత్రపిండాలకు అవి మరీ చేటు. వసంత గారికి ఈ లక్షణాలు కనబడటం లేదు గాని, 38 ఏళ్ల వయసులో ఒకసారి థైరాయిడ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకుంటే నష్టం లేదు.

చేపాక్_చిరుత
నీరు చేరితే దాన్ని నీటితోనే తరిమేయాలి. రోజుకు ఆరు లీటర్లు తాగండి, అంతా కడుక్కుని పోతుంది. నేను మారథాన్‌కు తయారయ్యేటప్పుడు అదే చేశాను.

ఫిజియో_తిరువాన్మియూరు
చేపాక్ గారూ, ఈ సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగుదారుల రక్తం పరీక్షిస్తే వారిలో 13 శాతం మందికి సోడియం ఉండవలసిన దానికంటే తగ్గిపోయి ఉంది, ఆ పరిశోధన 2005లో అచ్చయింది. పరుగు మొదలుపెట్టినప్పటి కంటే ముగించేటప్పటికి బరువు పెరిగినవాళ్లలోనే ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. అంటే దాహానికి మించి తాగారన్నమాట. సోడియం మరీ పడిపోతే తలనొప్పి, వాంతులు, మగత, మూర్ఛ దాకా పోతుంది. అలాగని నీళ్లు మానేయమని కాదు. దాహమైనప్పుడు తాగడం, మూత్రం లేత పసుపులో ఉండేలా చూసుకోవడం, అంతే.

చేపాక్_చిరుత
పరుగు ముగిసే వేళకు నాకు తల తిరిగేది, ఎండ వల్లనే అనుకున్నాను. ఆ ఆరు లీటర్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

టీనగర్_తూనిక
ఉంగరం గురించి ఒక చిన్న మాట. బిగిసిన ఉంగరాన్ని లాగి లాగి వేలు ఇంకా వాచేలా చేసుకుని, నేను పాండీ బజారులో ఒక కంసాలి దగ్గర కోయించుకున్నాను. ఆయన కోస్తూ కోస్తూ, ముందే వచ్చి ఉంటే దారంతో తీసేవాణ్ణమ్మా అన్నారు. సన్నని దారం కొసను ఉంగరం కిందుగా దూర్చి, ఉంగరం దగ్గర నుంచి వేలి కణుపు దాటేదాకా ఒత్తుగా చుట్టి, దూర్చిన కొసను పట్టి విప్పుకుంటూ వస్తే ఉంగరం దానితో పాటు జారి వస్తుందట. నడకలో చేతులు ఉబ్బితే వాటిని తలకంటే పైకి ఎత్తి గుప్పిళ్లు మూసి తెరవడం కూడా పనిచేస్తుంది. నడకలో వచ్చిన ఉబ్బు మామూలుగా గంటలో పోతుంది, వసంత గారిది రోజంతా ఉంటోంది కాబట్టి ఆ రకం కాదు.

ఉప్పుకారం
వడల విషయంలో ఓడిపోయాను గాని ఒక్క మాట మీద మాత్రం నిలబడతాను. నీరు, నీరు అని చెప్పుకుంటూ ఆరు నెలలు గడిపేసినవాళ్లను నేను చూశాను, అందులో నేనూ ఒకణ్ణి. ఈ నీటి సాకుకు గడువంటూ ఉండాలి కదా?

ఫిజియో_తిరువాన్మియూరు
ఉండాలి, మీ మాట సబబే. వ్యాయామం మార్చకుండా అలాగే కొనసాగిస్తే ఈ నీరు రెండు మూడు వారాల్లో, మహా అయితే నెలన్నరలో సర్దుకుంటుంది. అప్పటికీ తూకం పైకే పోతూ, నడుము కొలత కూడా పెరుగుతుంటే మీ చిన్న పుస్తకం తెరవవలసిందే. తూచుకోవడం రోజూ ఒకే వేళ, ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు. ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకుండా ఏడు రోజుల సగటు తీసి, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. నడుము టేపు బొడ్డు దగ్గర వారానికి ఒక్కసారి చాలు.

వేళచ్చేరి_వసంత
మూడు వారాలయింది, మాట ప్రకారం లెక్క అప్పజెప్పడానికి వచ్చాను. ఓఆర్‌ఎస్ ఆ రోజే ఆపేశాను. మాస్టర్‌తో మాట్లాడి వారానికి మూడు రోజులకు తగ్గించుకున్నాను. ఆయన మొదట ముఖం చిన్నబుచ్చుకున్నా, అంబత్తూరు గారు రాసినది చూపిస్తే ఒప్పుకున్నారు, గోడ మీద కాగితం కూడా తీసేశారు. నాలుగో రోజుకు 67.4కు దిగింది. నెలసరి వచ్చి వెళ్లాక 66.5. పోయిన వారం సగటు 66.1, ఈ వారం సగటు 65.8. నడుము 92 సెంటీమీటర్ల నుంచి 90.5కు వచ్చింది. పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నాయి. మధ్యలో ఒకసారి కొత్తగా భుజాల వ్యాయామం మొదలుపెట్టిన మూడో రోజున మళ్లీ అర కిలో పెరిగింది. ఈసారి బియ్యం బస్తాను కదిలించలేదు. ఉంగరం వేసుకున్నాను, మెట్టెలు వదులయ్యాయి. ఇందులో ఓఆర్‌ఎస్ వాటా ఎంత, వాపు వాటా ఎంత, నెలసరి వాటా ఎంత అని మాస్టారు అడుగుతారేమో, అది మాత్రం నేను చెప్పలేను.

లెక్కల_మాస్టారు_పెరంబూరు
అడుగుదామనే వచ్చాను. మూడింటినీ ఒకేసారి మార్చేశారు కాబట్టి విడదీయలేము. వదిలేస్తున్నాను.

కోడంబాక్కం_కోమలి
మీ వారు ఇప్పుడేమంటున్నారు?

వేళచ్చేరి_వసంత
నన్ను చూసి ఆయన కూడా మొన్న సోమవారం చేరారు. మొదటి రోజే పక్కవాడితో పోటీపడి నా బరువుకు రెట్టింపు ఎత్తారట. నిన్నటి నుంచి మా లిఫ్టు మరమ్మతులో ఉంది. ఉదయం ఆఫీసుకు వెళ్తూ మూడో అంతస్తు నుంచి రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ వెనక్కి తిరిగి దిగారు. మూత్రం రంగు అడిగాను, మామూలుగానే ఉందట. తూకం మాత్రం ఎంత అడిగినా చెప్పడం లేదు.